వద్దన్న చేయి

నా చేతులు మీరు చూసే ఉంటారు. మా బొలోన్యా ఊళ్ళో పెద్దవాళ్ళ ఇళ్ళకు ఎప్పుడైనా వెళ్తే, మెట్లెక్కగానే హాల్లో గోడ మీద దొరసానుల బొమ్మలు కనిపిస్తాయి కదా. వాటిలో ఓ ఇరవై ముప్ఫై బొమ్మలకు చేతులు నావే. మొహాలు మాత్రం వాళ్ళవి.

గొప్పకు చెప్పడం లేదు. ఒకప్పుడు గొప్పగానే ఉండేది, ఒప్పుకుంటాను. ఇప్పుడు ఆ సంగతి తలచుకుంటే ఎవరూ లేని గదిలో కూడా తల దించుకుంటాను. నేను చదివింది చర్చి వెనక గదిలో ఫాదర్ గారు చెప్పిన మూడేళ్ళ చదువే. రాతలో తప్పులుంటే సర్దుకోండి. నోటితో చెప్పమంటే నావల్ల కాదు. నలుగురిలో మాట్లాడాలంటే చిన్నప్పటినుంచీ నాకు సిగ్గు. ఆ సిగ్గే ఇంత పని చేసింది.

మా మాస్టారి పేరు తద్దెయో. ఎర్ర సుద్దతోనూ నల్ల సుద్దతోనూ మనుషుల బొమ్మలు వేసేవారు. వీధి వెంబడి వరండాలున్న చోట, సబ్బులమ్మే కొట్టు పైన మా ఇల్లు. ముందు పెద్ద గదిలో ఆయన బొమ్మలు, వెనక వంటిల్లు, మధ్యలో నేను. బొమ్మ వేయించుకునే వాళ్ళు రెండుసార్లు వస్తే ఎక్కువ. మొహం వేసేదాకా ఓపిగ్గా కూర్చుంటారు. చేయి ఎత్తి అలాగే ఉంచమంటే మాత్రం పావుగంటకే విసుక్కుంటారు. అందుకని వాళ్ళు వెళ్ళిపోయాక వాళ్ళ చేతులకు బదులు నా చేతులు పెట్టించి వేసేవారు మాస్టారు. అన్ని బొమ్మల దుకాణాల్లోనూ అంతే. ఎవరూ దాన్ని మోసం అనుకోరు.

నా మొహం నిండా స్ఫోటకం మచ్చలు. చేతులు మాత్రం దేవుడు ఎవరికోసమో చేసి పొరపాటున నాకు తగిలించినట్టు ఉండేవి. అవి పాడవకూడదని బట్టలుతికే పని, గిన్నెలు తోమే పని నాకు పెట్టేవారు కాదు. రాత్రిపూట బాతు కొవ్వు రాసుకుని, పాత తొడుగులు వేసుకుని పడుకునేదాన్ని. ఆ పనులన్నీ వంటమనిషి మెంగ మీద పడేవి. అది ఊరుకునే రకమా!

"రావమ్మా, రా, కూర్చో. ఆ ఉల్లిపాయ ముట్టుకోకు, దొరసాని గారి చేయి కంపు కొడుతుంది. నేను తరుగుతాలే. నాకున్నవి చేతులు కావుగా, డెక్కలు."

"ఊరుకో మెంగా."

"ఊరుకోక ఏం చేస్తాను? చేతులు చూస్తే కౌంటెస్సువి. పైకి చూస్తే మా ఇమోలా సంతలో మేకవి. మధ్యలో ఎక్కడో అతుకు వేసుంటారు, వెతుకు."

అని పకపకా నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. కానీ ఆదివారం చర్చిలో, పక్కనున్న చిన్న ప్రార్థన గదిలో వేలాడుతున్న ఒక బొమ్మ దగ్గర నిలబడి, అందులో గుండె మీదున్న నా చేతిని చూసుకుని మురిసిపోయేదాన్ని. ఎవరికీ తెలీదు ఆ చేయి నాదని. ఆ దొరసాని ఎలాంటిదో నాకు తెలుసు, పనిమనుషుల్ని చెప్పుతో కొట్టేది. అయినా గుండె మీద నా చేయి పెట్టేసరికి మాట తప్పని ఇల్లాలైపోయింది.

చేతుల్తో అంత పని ఉంది. ఇదంతా మాస్టారే చెప్పారు నాకు. అరచేయి గుండె మీదుంటే, ఈ మనిషి మాట మీద నిలబడుతుంది. ప్రార్థన పుస్తకంలో వేలు పెట్టి మూసి పట్టుకుంటే, ఇప్పుడే చదువుతూ మీకోసం ఆపాను అని, అంటే భక్తురాలు. మధ్యనున్న రెండు వేళ్ళు ఒకదానికొకటి ఆనించి పెడితే అణకువ. ఒక చేతి తొడుగు తీసి రెండో చేత్తో పట్టుకుంటే, మీ దగ్గర నాకు దాపరికం లేదని. ఏదైనా వస్తువు మీద వేళ్ళు తేలిగ్గా ఆనిస్తే, 'ఇది నాది, నేనే ఇస్తున్నాను' అని.

ఒక్కటి మాత్రం ఎవరూ వేయించుకోరు. అరచేయి బయటికి తిప్పి, వేళ్ళు నిటారుగా పెట్టి నెడుతున్నట్టు పట్టడం. అంటే 'నాకొద్దు' అని. గోడకు తగిలించుకునే బొమ్మలో వద్దనే చేయి ఎవరికి కావాలి?

పదకొండేళ్ళ కిందట నవంబరులో, సెయింట్ మార్టిన్ పండగ వెళ్ళిన వారంలో మాస్టారికి ఒక కబురొచ్చింది. పట్టు దారం మిల్లు ఉన్న ఫుల్వియా అమ్మగారికి పక్షవాతం వచ్చింది, ఎన్నో రోజులు బతకదు, మొహం వేయించి పెట్టుకోవాలని. కబురు పంపింది ఆమె మరిది అస్కానియో గారు. నేను సుద్దల పెట్టె మోసుకుని మాస్టారి వెంట వెళ్ళాను.

పొద్దున్నే వెళ్ళాం. గదిలో కిటికీలన్నీ మూసి, గులాబీ రేకులు నానేసిన వెనిగరు చిలకరించి ఉంది. రోగం గాలి పోవడానికని పెద్దిళ్ళలో అలా చేస్తారు. ఆ పులుపూ ఆ తీపీ కలిసిన వాసన గొంతులో కూర్చుంది. ఫుల్వియా అమ్మగారు దిండ్ల మీద ఒరిగి ఉన్నారు. నోరు పడిపోయింది. కుడి పక్కంతా చచ్చుబడింది. ఎడమ చేయి ఒక్కటే ఇంకా ఆమె మాట వింటోంది.

మాస్టారు పలక ఒళ్ళో పెట్టుకుని మొహం మొదలుపెట్టారు. నేను మంచం పక్కన దీపం పట్టుకుని నిలబడ్డాను. కాసేపటికి అస్కానియో గారు లోపలికొచ్చారు. మడత పెట్టిన తెల్ల ముసుగు ఒకటి తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టారు. కొత్తగా కన్యాస్త్రీల మఠంలో చేరే పిల్లలు కప్పుకునేది.

"వదినగారూ, మన క్లేలియాను దేవుడికి ఇచ్చేస్తే మీకు సంతోషమే కదా?" అన్నారు.

క్లేలియా ఆమె ఒక్కగానొక్క కూతురు. పదహారేళ్ళు. అమ్మ రోగం అంటుకుంటుందని చెప్పి ఆ పిల్లని ఆయన ఎప్పుడో వేరే ఊరు పంపేశారు. ఆ పిల్ల మఠంలో చేరితే ఇల్లూ మిల్లూ అస్కానియో గారికే. ఇది ఊరందరికీ తెలిసిన సంగతే.

అమ్మగారి ఎడమ చేయి లేచింది. అరచేయి బయటికి తిరిగింది. వేళ్ళు నిటారుగా నిలబడ్డాయి. ముసుగును నెట్టింది. మళ్ళీ నెట్టింది. మూడోసారి నెడితే అది జారి కింద పడింది.

మాస్టారు తను వేస్తున్న మొహం తప్ప ఇంకేమీ చూడరు. చూడలేదు.

అస్కానియో గారు నావైపు చూశారు. "అలా నిలబడ్డావేం? తియ్యి. వదినగారి చేతి కింద పెట్టు."

నేను తీశాను. దులిపాను. ఆమె చేయి ఎత్తి, కింద ముసుగు పెట్టి, ఆ చేతిని దాని మీద ఆనించాను. నా ఈ చేతులతోనే. ఆమె నా కళ్ళలోకి చూసింది. ఆ చేయి మెల్లగా ముసుగు మీంచి లేచి, వచ్చి నా రొమ్ము మీద ఆనింది. నెట్టింది. చలికాలపు ఈగ వాలినంత బలం కూడా లేదందులో. అయినా నేను వెనక్కి జరిగాను. సిగ్గేసి జరిగాను.

ఒక్క మాట అనొచ్చు. 'అయ్యగారూ, ఆమె వద్దంటోంది' అంటే సరిపోయేది. నాకు నోరు పెగల్లేదు. వచ్చేప్పుడు మాస్టారు, "మొహం వచ్చేసింది. చేతులు ఇంటి దగ్గర వేసుకుందాం" అన్నారు. నేను పెట్టె మోసుకుంటూ ఆయన వెనక నడిచాను.

మూడో రోజు చచ్చిపోయిందామె. ఆపై వారం అస్కానియో గారు మా ఇంటికొచ్చారు. అదే తెల్ల ముసుగు చంకలో పెట్టుకుని.

"పిల్ల వచ్చింది, కానీ మొండిది మాస్టారూ. అమ్మ కోరిక ఇదమ్మా అంటే నమ్మదు. అమ్మ బొమ్మ వేయించారటగా, చూపించండి, అమ్మ చేయి ఏం చెబితే అది చేస్తానంటోంది. ఇంట్లో గోడల మీద ఇలాంటి బొమ్మలు చూస్తూ పెరిగింది, ఏ చేతికి ఏ అర్థమో దానికి తెలుసు. చేయి ఈ ముసుగు మీద పెట్టినట్టు వేయండి. ఎల్లుండి దాన్ని తీసుకొస్తాను, అప్పటికి కావాలి. వచ్చేది సెయింట్ లూసీ పండగ. ఆ రోజే మఠం తలుపు తీస్తారు."

మాస్టారు గడ్డం గోక్కున్నారు. "వేళ్ళు దాని మీద ఆనిస్తే 'నేనే ఇస్తున్నాను' అని అర్థం అయ్యగారూ. చచ్చినవాళ్ళ బొమ్మలో అలా వేస్తే అది వీలునామా కంటే గట్టిది."

"అందుకేగా మీ దగ్గరికొచ్చాను."

మాస్టారు చెడ్డవారు కాదు. నావైపు తిరిగారు. "ఓర్సొలీనా, ఆ రోజు మంచం పక్కన ఉన్నది నువ్వే. ఆమె చేయి ముసుగు మీద ఉందా?"

అస్కానియో గారు కూడా నన్నే చూస్తున్నారు. వంటింటి గుమ్మంలో మెంగ గరిటె పట్టుకుని నిలబడింది. అందరి కళ్ళూ నా మొహం మీద, నా మచ్చల మీద. నా చెవులు వేడెక్కాయి.

"ఉందండీ" అన్నాను.

అబద్ధం కాదు. ఉంది. నేను పెట్టిన ఆ ఒక్క క్షణం ఉంది. ఆ ఒక్క క్షణాన్ని పట్టుకుని నన్ను నేను నమ్మించుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం కూర్చున్నాం. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, ఎదురింటి వరండా స్తంభాలు కూడా కనబడలేదు. మూడు గంటలకే కొవ్వొత్తులు వెలిగించాల్సి వచ్చింది. కింద వీధిలో ఎవరో నడుస్తున్నారు, అడుగులు వినబడుతున్నాయి, మనిషి లేడు. వంటింట్లోంచి చెస్ట్‌నట్ కాయలు ఉడుకుతున్న వాసన వస్తోంది. మెంగ ఏదో కూనిరాగం తీస్తోంది. అంతా మామూలుగానే ఉంది.

బల్ల మీద తెల్ల ముసుగు పరిచి, దాని మీద నా ఎడమ చేయి ఆనించాను.

"చిటికెన వేలు కొంచెం లోపలికి. ఆఁ. బరువు వేయకు. నిద్రపోతున్న పిల్ల మీద చేయి వేసినట్టు ఉండాలి" అన్నారు మాస్టారు.

పలక మీద సుద్ద గీస్తున్న చప్పుడు నాకెప్పుడూ హాయిగా ఉండేది. పిల్లి నాలుకతో బొచ్చు సర్దుకుంటున్నట్టు ఉంటుందది. కళ్ళు మూతలు పడ్డాయి.

"ఎందుకు తిప్పావు?"

ఉలిక్కిపడ్డాను. "ఏం తిప్పాను మాస్టారూ?"

"చేయి. ఎందుకు తిప్పావని."

కిందికి చూశాను. నా చేయి ముసుగు మీదే ఉంది. "నేను కదపలేదండీ."

ఆయన పలక నావైపు తిప్పి చూపించారు. కాగితం మీద ఫుల్వియా అమ్మగారి మొహం. దాని కింద ఒక చేయి. అరచేయి బయటికి తిరిగి, వేళ్ళు నిటారుగా...

"నేను కళ్ళతో చూసిందే వేస్తాను ఓర్సొలీనా. లేనిది వేయడం నాకు రాదు. నువ్వు తిప్పావు."

"లేదండీ..."

"సరే, సరే. కునుకు పట్టుంటుంది."

రొట్టె తీసుకున్నారు. ఎర్ర సుద్దను తుడవాలంటే రొట్టె లోపలి మెత్తన పిసికి దాంతో రుద్దాలి. ఆ ఉండలు చేసివ్వడం నా పనే. రుద్దారు. చేయి చెరిగిపోయింది. గులాబీ రంగు మరక మిగిలింది. మళ్ళీ మొదలుపెట్టారు.

ఈసారి నేను కళ్ళు మూయలేదు. నా చేతిని నేనే చూస్తూ కూర్చున్నాను. అది కదల్లేదు. ఒట్టు, కదల్లేదు.

సుద్ద ఆగిపోయింది.

మాస్టారు మళ్ళీ రొట్టె తీసుకుని రుద్దారు. పలక నాకు చూపించలేదు. చూపించక్కర్లేదు కూడా. ఆయన మెడ మీద చెమట కనబడుతోంది. గదిలో చలికి మా నోళ్ళలోంచి ఆవిరొస్తోంది. అయినా ఆయనకు చెమట.

మూడోసారి.

మెంగ కూనిరాగం ఎప్పుడు ఆగిందో తెలీదు. చెస్ట్‌నట్ల వాసన పోయింది. దాని బదులు ఇంకేదో... పుల్లగా... తియ్యగా... మా ఇంట్లో వెనిగరులో గులాబీలు వేసేవాళ్ళు ఎవరూ లేరు.

మోచేతి నుంచి కిందికి నా చేయి చల్లబడింది. తిమ్మిరి కాదు. నూతి నీళ్ళలో ముంచినట్టు. అప్పుడు తెలిసింది నాకు, నా అరచేతికీ ముసుగుకూ మధ్య ఏదో ఉందని. మెత్తగా ఉంది. సన్నగా ఉంది. ఎముకలు తగులుతున్నాయి. నా అరచేతి కింద ఇంకో అరచేయి... వెల్లకిలా... నా చేతిని కిందనుంచి ఎత్తుతోంది.

మెల్లగా ఎత్తుతోంది. బలం లేదు దానికి. అయినా ఎత్తుతోంది.

నా చేయి లేచింది. తిరిగింది. నేను చూస్తుండగానే వేళ్ళు ఒక్కొక్కటే నిలబడ్డాయి.

"మాస్టారూ..."

"దించు."

"నేను ఎత్తట్లేదు మాస్టారూ."

"దించవే తల్లీ" అన్నారాయన.  "నీకు పుణ్యముంటుంది, దించు. రేపటికి ఇవ్వాలి నేను."

దూలం నుంచి ఒక తాడు వేలాడేది మా గదిలో. ఎక్కువసేపు చేయి ఎత్తి ఉంచాల్సిన బొమ్మలకు మణికట్టు దాని ఉచ్చులో పెట్టుకుంటే బరువు తెలీదు. ఆ తాడు విప్పి తెచ్చారు. "కట్టేస్తాను. నొప్పెడితే చెప్పు" అన్నారు.

ఇక్కడే ఆగిపోతుంది నా కలం ప్రతిసారీ.

ఆయన నన్ను బలవంతం చేయలేదు. కుడి చేత్తో నా ఎడమ చేతిని పట్టి, వంచి, ముసుగు మీద అదిమి, కట్టించుకోవడానికి నేనే చాపాను. పని ఆగిపోతే అందరికీ నేనేం చెప్పాలి, అదొక్కటే నా భయం. అస్కానియో గారు అడుగుతారు, మెంగ అడుగుతుంది, అప్పుడు నేను నోరు తెరవాలి.

తాడు మణికట్టు మీంచి బల్ల కాలికి బిగించారు. సుద్ద చప్పుడు మొదలైంది. గబగబా. ఆయన తలెత్తలేదు. తాడు వణుకుతోంది. కొవ్వొత్తి నిటారుగా వెలుగుతోంది, గాలి లేదు, తాడు మాత్రం వణుకుతోంది. కాసేపటికి అదీ ఆగింది. అరచేతి కింద చల్లదనం పోయింది.

పోయిందనుకున్నాను...

రొమ్ము మీద ఏదో ఆనింది. ఈగ వాలినంత. ముందుకు చూశాను. ఎవరూ లేరు. నెడుతోంది. గుడ్డ లోపలికి నొక్కుకుపోయింది, ఐదు వేళ్ళ మేర, నేను చూస్తుండగా. ఇంకొంచెం నెట్టింది. నేను కూర్చున్న పీట కిర్రుమని వెనక్కి జరిగింది. వేలెడంత.

నేను అరవలేదు. అప్పుడు కూడా సిగ్గే అడ్డొచ్చింది.

"అయిపోయింది" అన్నారు మాస్టారు.

మర్నాడు పొద్దున్న ఆ ఎర్రటి రొట్టె ఉండలన్నీ పోగుచేసి పెరట్లో కోళ్ళకు వేశాను. ముట్టలేదు. చుట్టూ తిరిగి, మెడలు చాచి చూసి దూరంగా పోయాయి.

"దొరసాని చేత్తో వేస్తే కోళ్ళక్కూడా సయించట్లేదు కాబోలు" అంది మెంగ. నా మొహం చూసి నవ్వు ఆపేసింది. "ఏమైందే నీకు?"

"ఏం లేదు" అన్నాను.

మధ్యాహ్నం అస్కానియో గారు క్లేలియాను వెంటపెట్టుకుని వచ్చారు. నల్ల బట్టల్లో సన్నగా, పొడుగ్గా ఉంది. బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది. ఏడవలేదు. రొట్టెతో రుద్దీ రుద్దీ పల్చబడిన చోట, కాగితం మీద ముక్కు పెట్టినంత దగ్గరగా వంగి చూసింది. తర్వాత, ఆయనా మాస్టారూ కిటికీ దగ్గర మాట్లాడుకుంటుంటే, నేను కూర్చున్న బల్ల దగ్గరికొచ్చింది. నా చేతులు రెండూ ఒళ్ళో, ఏప్రాన్ కింద ఉన్నాయి.

"అమ్మ దగ్గర ఆ రోజు దీపం పట్టుకున్నది నువ్వేనా?"

"అవునమ్మా."

"పేరేంటి?"

"ఓర్సొలీనా."

గొంతు తగ్గించింది. "చూడు ఓర్సొలీనా. బాబాయి మాట నేను నమ్మను. ఈ మాస్టారికి ఇది పని, ఏం వేయమంటే అది వేస్తారు. నువ్వు చెప్పు. మా అమ్మ చేయి నిజంగా అలాగే పెట్టిందా? పెట్టిందంటే వెళ్తాను, అమ్మ మాట కాదనను. లేదంటే మాత్రం... కింద బండి ఉంది. బండివాడు మా అమ్మ పుట్టింటి మనిషి. ఇప్పుడే మామయ్య దగ్గరికి ఇమోలా వెళ్ళిపోతాను. ఎవరికీ చెప్పను నువ్వు చెప్పావని."

ఆమె మాట పూర్తికాకముందే ఏప్రాన్ కింద నా ఎడమ చేయి చల్లబడింది.

లేవబోయింది. అరచేయి తిరుగుతోంది... ఆ పిల్ల కళ్ళ ముందు లేచి నిలబడితే చాలు. నేను నోరు తెరవక్కర్లేదు. ఒక్క మాట మాట్లాడక్కర్లేదు. నేను చేయాల్సిందల్లా చేతిని వదిలేయడం.

కుడి చేత్తో గట్టిగా అదిమి పట్టాను.

ఏప్రాన్ కదిలింది. లోపల కోడిపెట్ట కొట్టుకున్నట్టు కదిలింది. క్లేలియా చూపు కిందికి దిగింది. చాలాసేపు అక్కడే ఉంది. కిటికీ దగ్గర అస్కానియో గారు మాటాపి మావైపు తిరిగారు.

నేను తలూపాను. అవునని. ఒక్కసారే.

"సరే" అంది క్లేలియా.

సెయింట్ లూసీ పండగ రోజు మఠం తలుపు తీశారు, మూశారు. ఆ పిల్లకు సిస్టర్ సెరఫీనా అని పేరు పెట్టారు. ఆ తర్వాత నా చేతులు బొమ్మలకు ఇవ్వలేదు. ఎడమ చేయి ముసుగుల మీదా పుస్తకాల మీదా సరిగ్గా ఆనేది కాదు. మాస్టారు ఇంకో అమ్మాయిని పెట్టుకున్నారు. నేను బట్టలుతికాను, గిన్నెలు తోమాను. చేతులు పగిలి, గరుకెక్కి, కాయలు కాశాయి. "ఇప్పుడు మనిషివయ్యావే" అంది మెంగ. పని చెప్పడానికి వంకలు వెతికి, నన్ను రాత్రుళ్ళు తన పక్కనే పడుకోబెట్టుకునేది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఆరేళ్ళయ్యాక, ఒక చలికాలం, మఠానికి గుడ్లు ఇవ్వడానికి వెళ్ళాను. అక్కడ లోపలివాళ్ళు కనబడరు. గోడలో గుండ్రంగా తిరిగే చెక్క పెట్టె ఉంటుంది. సరుకు అందులో పెడితే అటు తిరుగుతుంది. తద్దెయో మాస్టారి ఇంటి గుడ్లు అని చెప్పి పెట్టాను. పెట్టె తిరిగి వచ్చేసరికి అందులో చిన్న మూట ఉంది.

"ఓర్సొలీనా అంటే నువ్వేనా?" గోడ అవతలనుంచి తలుపు కాసే ముసలి సిస్టర్ గొంతు. "సెరఫీనా నీకు ఇమ్మంది. తనే అల్లింది. చేతి తొడుగులు. మూడూ నీకే."

"మూడా అమ్మా?"

"నేనూ అదే అడిగాను, పిచ్చిదానా, ఎవరికైనా మూడు చేతులుంటాయా అని. 'ఆ రోజు ఆమె ఒళ్ళో మూడు చేతులున్నాయి సిస్టర్, పాపం మూడోదానికి చలేస్తుంది' అంది. ఏమిటమ్మా ఆ మాట? నీకేమైనా అర్థమైందా?"

నేను మూట ఏప్రాన్‌లో దాచుకుని వచ్చేశాను.

బూడిద రంగు ఉన్ని. రెండు నా కొలతకు సరిగ్గా ఉన్నాయి. మూడోది ఎడమ చేతిది, సన్నగా, పొడుగ్గా. కుట్టు చాలా సన్నం. ప్రతి దారం చివరా ముడికి బదులు ఆవగింజంత సిలువ కుట్టి ఉంది. అలా కుట్టడం మఠంలో నేర్పుతారు, బయట ఎవరికీ రాదు. నా రెండూ నేను వేసుకున్నాను. మూడోది పెట్టెలో, బట్టల అడుగున పెట్టి తాళం వేశాను.

ఏడాది తిరిగాక తీసి చూస్తే, అరచేతి దగ్గర చిల్లు పడి ఉంది. పురుగు కొట్టిన చిల్లు కాదు. అరిగిన చిల్లు. ఏదో తలుపుకు ఆనించి లోపలినుంచి రోజూ నెడుతున్నట్టు, అరచేయి మధ్యలో, వేళ్ళ మొదళ్ళ దగ్గర... నేను రఫూ చేశాను. నా కుట్టు లావు, వంకర. సూది పోతే దొరకదని రాత్రుళ్ళు కూడా రవిక మీద, ఎడమ పక్కన గుచ్చుకునే పడుకోవడం నాకు అలవాటు. మళ్ళీ చలికాలం వచ్చేసరికి మళ్ళీ చిల్లు. మళ్ళీ కుట్టాను. అలా నాలుగేళ్ళు. నేను చేయగలిగింది అదొక్కటే కాబట్టి చేశాను. దాన్ని ఎవరూ వేసుకోరు. తాళం చెవి నా మెడలోనే ఉంటుంది.

ఈ ఏడు ఈస్టర్‌కు సిస్టర్ సెరఫీనా జ్వరంతో పోయిందని గంటలు కొట్టారు. ఇరవై ఆరేళ్ళు. మఠం ముందు వీధిలో నిలబడ్డాను. లోపలికి వెళ్ళే ధైర్యం లేదు. వెళ్ళినా ఆమెకు ఏమని చెప్పుకోను?

మొన్న పొగమంచు మొదలైంది. పెట్టె తీసి చూశాను. చిల్లు పడి ఉంది, ఎప్పుడూ లేనంత పెద్దది. కుట్టడానికి కూర్చున్నాను కానీ కళ్ళు ఆనలేదు. ఇంక ఎవరికోసం అనుకున్నాను. తొడుగు లోపల పెట్టి, తాళం వేసి, పడుకున్నాను.

పొద్దున్నే లేచి మళ్ళీ తీశాను.

చిల్లు లేదు. రఫూ చేసి ఉంది. సన్నగా, ఒద్దికగా, దారం చివర ఆవగింజంత సిలువతో. సూది ఇంకా అందులోనే గుచ్చి ఉంది.

ఆ సూది నాది.

రవిక తడుముకున్నాను. ఎడమ పక్కన, రోజూ గుచ్చుకునే చోట సూది లేదు. ఆ కాస్త మేర గుడ్డ తడిగా ఉంది. వేళ్ళు వాసన చూసుకున్నాను... పుల్లగా, తియ్యగా.